కింది పిడి పట్టినవాడు

నల్లమద్దుల దిన్నె మీద పాత రంపపు గొయ్యి ఉంది కదా, ఈ ఊళ్ళో ఎవరూ దాని దగ్గరికి వెళ్ళరు. పట్టపగలు మేక అటు పోయినా దూరంనుంచి రాయి విసిరి తిప్పుకుంటారు గానీ దిన్నె ఎక్కరు. ఎందుకెక్కరో తలా ఒక కథ చెప్తారు. నేను ఉన్నమాట చెప్తాను. తప్పు మా తాతది. గొయ్యిలో కిందివాడు రంపాన్ని మూడుసార్లు పైకి తోస్తే పైవాడు ఆపాలి. మా తాత ఆపలేదు. మనిషి పోయాడు. జరిగింది ఇంతే.

ఇంతే అన్నానని లేచిపోకండి. చేతులు ఆపకండి, మొక్కజొన్న పొత్తులు ఒలుస్తూ వినండి. కుమారీ, ఆ గోనె ఇటు జరుపు. నీ మొగుడు కూడా వినాలి. ఏరా నూకరాజూ, పొద్దున వచ్చి ఏమడిగావు నన్ను? "అత్తా, బ్యారన్‌లో పొగాకు ఎక్కించేశాను, పొయ్యికి పుల్లలు తెస్తానన్న లారీవాడు రాలేదు, దిన్నె మీద మద్దులు నీ పేరనే ఉన్నాయిగా, రెండు కొట్టుకుంటాను" అన్నావు. సాయంత్రం చెప్తానన్నాను. ఇదిగో, సాయంత్రమైంది, చెప్తున్నాను.

మా తాత పేరు అప్పలస్వామి. పోయిన మనిషి పేరు గంగులు, మా నానమ్మ ఎర్రమ్మకి సొంత తమ్ముడు. బావా బావమరుదులిద్దరూ విశాఖ వైపునుంచి ఒక రంపం, రెండు ఆకురాళ్ళు, ఒక కుండ పట్టుకుని ఇక్కడికొచ్చారు. అప్పుడిక్కడ ఈ పులిమెట్ట ఊరు లేదు. జమీందారు అడవి ఉండేది. ఎంత అడవి అంటే, ఇప్పుడు బస్సాగే చోట పగలు కూడా దివిటీ పట్టుకుని నడిచేవాళ్ళమని తాత చెప్పేవాడు. ఆయన కొంచెం ఎక్కువ చెప్పే మనిషే, సగం తీసేసి వినండి. సగం తీసేసినా అడవి అడవే. టేకు, వేగిస, నల్లమద్ది. ఒక్కో నల్లమద్ది మాను చుట్టూ ముగ్గురు చేతులు చాస్తే గానీ అందేది కాదు, దాని బెరడు చూశారుగా, మొసలి వీపులాగా గళ్ళుగళ్ళుగా ఉంటుంది.

పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులు. రైలు పట్టాల కింద వెయ్యడానికి దిమ్మెలు కావాలని పైనుంచి ఉత్తరాలొచ్చాయి, జమీందారు గుమాస్తా అడవిని కూపులుగా గీశాడు, ఈ ఏడు ఈ ముక్క, వచ్చే ఏడు ఆ ముక్క అని, ఇక గొడ్డళ్ళు మొదలయ్యాయి. మరి మాను కొట్టాక దిమ్మెలు కొయ్యాలి కదా, మిల్లు ఎక్కడిది? రంపపు గొయ్యే మిల్లు. మనిషిన్నర లోతు గొయ్యి తవ్వుతారు, పైన రెండు అడ్డదూలాలు వేస్తారు, వాటిమీద దుంగని దొర్లించి ఇనప కొక్కేలు కొట్టి ఆపుతారు. మసిలో ముంచిన తాడు లాగి దుంగమీద గీత కొడతారు. ఒకడు దుంగమీద నిలబడతాడు, ఒకడు గొయ్యిలో దిగుతాడు, మధ్యన నిలువు రంపం. పైవాడు పైకి లాగుతాడు, కిందివాడు కిందికి లాగుతాడు. పైవాడికి గీత కనిపిస్తుంది, వెలుతురుంటుంది, గాలుంటుంది, పేరు కూడా పైవాడికే. కిందివాడికేముంది? కళ్ళలో పొట్టు, నోట్లో పొట్టు. కళ్ళమీంచి పల్చటి గుడ్డ కట్టుకునేవాడట గంగులు. నోరు తెరిస్తే చాలు పొట్టు పడుతుంది కాబట్టి కింద మాటలుండవు. కిందివాడు రంపంతోనే మాట్లాడతాడు. ఒక కుదుపు కుదిపితే, కోత మూసుకుంటోంది చీల కొట్టమని. రెండు కుదుపులైతే నూనె రాయమని. మూడుసార్లు పైకి తోస్తే ఆపమని. ఎందుకంటే రంపాన్ని లాగుతారే గానీ తొయ్యరు, తోస్తే ఒంగిపోతుంది. తెలిసిన పనివాడు రంపాన్ని తోశాడంటే ఊరికే తొయ్యడు. దుంగలో ఏదో ఉంది, చూసి చెప్పు, అని.

ఆ రోజు దుంగ నల్లమద్ది. మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు, నల్లమద్ది బోదెలో నీళ్ళుంటాయి. అన్నిట్లో కాదు, కొన్నిట్లో. బుడిపె కట్టిన చోట గాటు పెడితే కుండ పగిలినట్టు వస్తాయి, అడవిలో తిరిగేవాళ్ళు అలా గాటు పెట్టుకునే ఎండాకాలం దాహం తీర్చుకునేవాళ్ళు. అలాంటి మానుని కొట్టగానే కొయ్యకూడదు, రెండు నెలలు ఆరబెట్టాలి. పొద్దున దొర్లించేటప్పుడే గంగులు అన్నాడట, "బావా, ఇది ఇంకా తాగుతానే ఉంది, ఒక పక్క బరువు తూగుతోంది, పక్కన పెట్టేద్దాం" అని. మా తాత, "బళ్ళు నిలబడున్నాయి, గుమాస్తా నా నెత్తిమీద కూర్చున్నాడు, దిగరా" అన్నాడు. గంగులు దిగాడు. చెప్పినమాట వినే మనిషి.

సగం కోత అయ్యేసరికి రంపం మూడుసార్లు పైకి వచ్చింది. తాత ఏమనుకున్నాడు? చుట్టకి విరామం అడుగుతున్నాడనుకున్నాడు. అనుకున్నానని మాకు చెప్పాడు, నిజంగా అనుకున్నాడో లేదో ఆయనకే తెలియాలి. "లాగరా" అని అరిచాడు. మళ్ళీ మూడుసార్లు వచ్చింది. మళ్ళీ "లాగరా" అన్నాడు. ఆ తర్వాత తోపులేవీ రాలేదు. గంగులు లాగాడు. కోత చివరికి వచ్చింది, నీళ్ళున్న చెక్క బరువుకి కొక్కెం ఊడింది, చెక్క గొయ్యిలోకి జారింది.

మా నానమ్మ వచ్చి చూసింది. ఏడవలేదట. మా తాత వైపు తిరిగి, "వాడు అన్ని పనులూ నీకు చెప్పే చేశాడు, ఈ పని కూడా చెప్పే చేశాడు" అందిట. ఆ తర్వాత ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు.

ఇక్కడితో అయిపోతే ఇది దెయ్యం కథ ఎందుకవుతుంది?

గంగులు పోయిన మూడు వారాలకి మా తాత రంపం తెచ్చుకుందామని గొయ్యి దగ్గరికెళ్ళాడు. గంగులు పోయాక ఒకడు దిగి, సగం కోతలో రంపం వదిలేసి పారిపోయాడు, ఆ తర్వాత ఆ గొయ్యిలో దిగడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. తునినుంచి ఒక కోతగాడొచ్చి గొయ్యి అంచున నిలబడి, "ఇందులో మనిషున్నాడుగా, నన్నెందుకు పిలిచారు" అని వెళ్ళిపోయాడు. పని లేదు, ఇంట్లో గింజ లేదు, రంపం అమ్మేసి వెనక్కి పోదామని తాత ఆలోచన. పొద్దు దిగుతోంది. సగం కోసి వదిలేసిన వేరే దుంగలో రంపం ఇరుక్కుని ఉంది. దాన్ని ఊడదీద్దామని దుంగెక్కి పైకి లాగాడు. వచ్చింది. ఇంకొంచెం లాగుదామని పట్టు సడలించాడు. రంపం కిందికి వెళ్ళింది.

బరువుకి జారిందేమో అనుకున్నాడు. మళ్ళీ లాగాడు. మళ్ళీ కిందికి వెళ్ళింది, జారినట్టు కాదు, నిండుగా, నిలువుగా, తొందరలేకుండా. చివర్లో చిన్న విసురు. గంగులు ప్రతి లాగుకీ చివర మణికట్టు అలా విసిరేవాడట, పళ్ళలో పొట్టు రాలడానికి. ఆ విసురు ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. తాతకి తెలిసిపోయింది. భయపడ్డాడా, ఏడ్చాడా అని నేను అడిగాను. "కోశాను" అన్నాడు. చీకటిపడేదాకా కోశాడు, దుంగ రెండయ్యింది. మర్నాడు గుమాస్తా కొలతబద్ద పెట్టి చూస్తే ఆ చివరనుంచి ఈ చివరదాకా నూలుపోగంత తేడా లేదు.

పదకొండేళ్ళు. పదకొండేళ్ళు మా తాత పైన, గంగులు కింద. బతికున్నప్పుడు ఎంత చక్కటి పనివాడో పోయాక కూడా అంతే. వానల్లో రంపం బిగుస్తుందని తెలిసి మెల్లగా లాగేవాడట, ఎండల్లో జోరుగా. చీల కావాలంటే ఒక కుదుపు, నూనె కావాలంటే రెండు. మా నానమ్మ రోజూ పొద్దున్నే ఒక ముంత అంబలి తెచ్చి గొయ్యి అంచున పెట్టేది. ఉల్లిపాయ కూడా. "నా తమ్ముడు చచ్చి కూడా పని మానలేదు, నువ్వు బతికుండి కూడా బుద్ధి తెచ్చుకోలేదు" అనేదట. అప్పటికి మాట్లాడ్డం మొదలుపెట్టిందన్నమాట.

"మరి పెద్దమ్మా, అటు వెళ్తే కాళ్ళు పట్టి గొయ్యిలోకి లాగేస్తాడంటారు" అంటావేమిటే కుమారీ? లాగడం ఆయన పనే. రంపం దించితే రంపం లాగుతాడు. నీ కాళ్ళతో ఆయనకేం పని?

అయితే ఒకటి. తాత ఆ పదకొండేళ్ళూ మూడు తోపులు వస్తే ఆపాడు. ప్రతిసారీ ఆపాడు. దుంగ దింపి పక్కన పెట్టి, ఎందుకని చూసేవాడు. ఒకసారి లోపల తుపాకీ గుండు, ఒకసారి తేనెపట్టు తొర్ర, ఒకసారి పచ్చి. ఏ ఒక్కసారీ గంగులు ఊరికే చెప్పలేదు. కూపులన్నీ అయ్యాక మిగిలినవి ఈ దిన్నె మీద మద్దులే. గొయ్యి పక్కనే ఉన్నాయి, దొర్లించడానికి ఎద్దులు కూడా అక్కర్లేదు. గుమాస్తా ఒకదాన్ని కొట్టించి గొయ్యి మీదికి ఎక్కించాడు. తాత రంపం పెట్టాడు. మూడు తోపులు. దింపేశాడు. నాలుగు నెలలు ఆరబెట్టి మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ మూడు. గుమాస్తాకి కోపం వచ్చింది. "నీ నాటకాలు నా దగ్గర కాదు" అని తన సొంత మనిషిని, బందరు మనిషట, వస్తాదు, వాణ్ణి పైకెక్కించాడు. వాడు రంపం ఇలా పట్టుకున్నాడు. మొదటి తోపుకి మోకాళ్ళు వంగాయి. రెండోదానికి తలపాగా పోయింది. మూడోదానికి వాడే వెళ్ళి పొదలో పడ్డాడు. లేచి, "అయ్యగారూ, కిందాయన ఒద్దంటున్నాడు" అన్నాడు. ఇక గుమాస్తా దిన్నె జోలికి రాలేదు.

ఎందుకు ఒద్దన్నాడో అప్పుడు ఎవరికీ అర్థంకాలేదు. ఆ దుంగలో గుండూ లేదు, తొర్రా లేదు.

ఇక్కడ మీరు గంగుల్ని దేవుణ్ణి చేసెయ్యకండి. ఆ కొండని నున్నగా గొరిగింది వీళ్ళిద్దరే, ఒకడు బతికి, ఒకడు చచ్చి. రైలెక్కినప్పుడల్లా మా తాత కిందికి వంగి పట్టాల కింద చూసేవాడు, మనవేమో అని. గొప్పగా చూసేవాడు. నాకూ గొప్పగానే ఉండేది, అబద్ధమెందుకు. ఆ పనితనం అలాంటిది. కానీ కొండ మీద మాను లేకుండా పోయింది కూడా ఆ పనితనంవల్లే. రెండూ నిజమే, ఏది ముందు చెప్పాలో నాకు తెలీదు.

తర్వాత ఆయిలింజను రంపం మిల్లు వచ్చింది, దుంగలు లారీల్లో వెళ్ళడం మొదలైంది, గొయ్యికి పని పోయింది. ఆఖరి రోజు మా తాత దుంగ లేకుండా ఉత్త రంపాన్ని గొయ్యిలోకి దించాడట. కింద గంగులు పట్టుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకుని వదిలేశాడు. ఇంటికొచ్చి రంపం గోడకి తగిలించాడు.

అడవి కొట్టేసిన నేలకి పట్టాలిచ్చారు, తాతకి దిన్నెతో కలిపి ఆరెకరాలు వచ్చాయి. మొద్దులు పెకలించి జొన్న వేశారు. కొత్త నేల, మొదటి పదేళ్ళు ఏది వేస్తే అది పండింది. చేంతాడు ఎనిమిది బారలు వేస్తే బావిలో నీళ్ళు అందేవి. తర్వాత పొగాకొచ్చింది. పొగాకుతో బ్యారన్లొచ్చాయి. పచ్చాకు బ్యారన్‌లో ఎక్కించాక వారంపాటు పగలూరాత్రీ పొయ్యి మండాలి. ఏం మండుతుంది? కొండమీద మిగిలిన తుప్ప, దొంగతనంగా తెచ్చిన కొమ్మ, గట్లమీద చింతచెట్లు, చివరికి పెరట్లో వేపలు. ఈ ఊళ్ళో డెబ్భై బ్యారన్లు మండాయి ఒకప్పుడు. చెట్లు అయిపోయాక బావులు ఎండాయి, బావులు ఎండాక బోర్లు వేశాం, అరవై అడుగులు, రెండొందలు, ఆరొందలు. తర్వాత బోర్లకి కూడా నీళ్ళు లేక జామాయిల్ తోటలు వేశాం, అది ఉన్న తడి కూడా పీల్చేసింది. ఇందులో మీ తాతలున్నారు, మా నాన్నున్నాడు, నేనూ ఉన్నాను. నేను బోటనీ చదివాను, కాకినాడలో, హాస్టల్లో ఉండి. చదివి వచ్చి ఏం చేశాను? బ్యారన్ కట్టాను.

అవును, ఆ గొడ్లపాక వెనక ఉన్నదే.

ముప్పై ఒక్కేళ్ళ కిందటి మాట. నీలాగే నూకరాజూ, ఆకు ఎక్కించేశాం, పుల్లలు రాలేదు. ఎక్కించిన పచ్చాకు రెండు రోజులు వేడి తగలకపోతే కుళ్ళిపోతుందని నీకు నేను చెప్పనక్కర్లేదు. ఏడాది పంటంతా ఆ నాలుగు గోడల మధ్య వేలాడుతోంది. కూలీల్ని పిలిస్తే దిన్నె పేరు వినగానే ఒకడికి కడుపునొప్పి, ఒకడికి అత్తగారింట్లో పెళ్ళి. నాకు మండింది. చదువుకున్నదాన్ని, దెయ్యం ఏమిటి! తాత రంపం నిలువు రంపం, నిలబడ్డ చెట్టుకి పనికిరాదు. అందుకని పక్కూరునుంచి రెండు పిడుల అడ్డరంపం తెప్పించాను, మా ఆయన్ని వెంటబెట్టుకుని సాయంత్రం నాలుగింటికి దిన్నె ఎక్కాను. అదిగో మంచంమీద వింటున్నాడు, అబద్ధమైతే చెప్పమనండి.

పెద్ద మాను చూసుకున్నాం, గొయ్యికి నాలుగడుగుల దూరంలో. ఎంత లావంటే అటు పక్క కూర్చున్న మా ఆయన నాకు కనపడడు, ఆయనకి నేను కనపడను. నేను లాగడం, ఆయన లాగడం. చేతులు బొబ్బలెక్కాయి. అరచెయ్యి లోతు దిగింది. అప్పుడు తేలికయ్యింది. రంపం జోరందుకుంది, అటునుంచి లాగు నిండుగా వస్తోంది, చివర్లో చిన్న విసురు. అబ్బో, మా ఆయనకి ఇంత పని వచ్చా అనుకున్నాను. పెళ్ళయ్యాక మొదటిసారి మెచ్చుకున్నాను ఆయన్ని, మనసులోనే.

రంపం నావైపు వచ్చింది. నేను లాగకుండా వచ్చింది. ఒకటి. రెండు. మూడు.

"ఏమిటండీ ఆ తొయ్యడం, ఒంగిపోతుంది" అని అరిచాను.

"నన్నా?" అని నా వెనకనుంచి వినిపించింది. తిరిగి చూస్తే మా ఆయన దిన్నె ఎక్కి వస్తున్నాడు, చేతిలో చెంబు.

చుట్ట వెలిగించుకోవడానికి వెళ్ళాడు. "చుట్ట కాదు, నీళ్ళకెళ్ళాను" అంటాడు. ఇదిగో, ఇప్పటికీ ఇదే వాదన. సరే, నీళ్ళకే. పావుగంటైంది వెళ్ళి. ఆ పావుగంటా నేనెవరితో కోశాను?

నేను లేవలేదు, పరిగెత్తలేదు. ధైర్యమని మాత్రం అనుకోకండి. రంపం కోతలో అలాగే ఉంది. దాని వెంబడి నీళ్ళు రావడం మొదలైంది. ముందు చెమట పట్టినట్టు, తర్వాత ధారగా, బెరడు గళ్ళలోంచి కిందికి, వేళ్ళమీంచి, నేలలోకి. మార్చి నెల. చుట్టుపక్కల పదూళ్ళలో బావి అడుగున బురద కూడా లేదు. మా ఆయన చేతిలో చెంబు వైపు చూశాను. "ఎక్కడివి ఈ నీళ్ళు?" అన్నాను. "ఇంకెక్కడివి, దిన్నె కింద చెలమలోవి" అన్నాడు.

మనమందరం ఎండాకాలం బోర్లు పోయాక బిందెలు పట్టుకుని వెళ్ళే చెలమ. దిన్నె ఎక్కడానికి భయం గానీ దాని కాళ్ళ దగ్గర నీళ్ళకి భయం లేదు మీకు. కొండంతా బోడి అయ్యాక కూడా ఆ ఒక్క చెలమ ఎందుకు ఎండలేదో నాలుగేళ్ళు బోటనీ చదివిన నాకు తట్టలేదు. గొయ్యిలో కూర్చున్నాయనకి తెలుసు. పదకొండేళ్ళు నేల లోపల పనిచేసిన మనిషి, ఏ వేరు ఎటు పోతోందో, ఏ నీరు ఎటు నడుస్తోందో ఆయనకంటే ఎవరు చూశారు? మా తాతతో చెప్పాడు, గుమాస్తాతో చెప్పాడు, నాతోనూ చెప్పాడు. మూడుసార్లే చెప్తాడు ఎవరితోనైనా.

తడి చెక్క రంపాన్ని పట్టేస్తుంది, ఆ సంగతి నాకూ తెలుసు. తడి చెక్క రంపాన్ని వెనక్కి తొయ్యదు. ఇంతకంటే నాకు తెలీదు, మీకేమైనా తెలిస్తే చెప్పండి.

రంపం ఊడదీసి కిందికి వచ్చేశాం. కోతలో బంకమట్టి నింపాను. ఇప్పుడు చూస్తే ఆ గాటుమీద బెరడు రెండు పెదవుల్లా దగ్గరికొచ్చింది, వేలు పట్టదు. ఆకు కుళ్ళింది. వారంరోజులు ఆ కంపు ఊరంతా పీల్చింది, మా అత్తగారు నాతో, గంగులు పోయిన ఏడాది మా నానమ్మ మా తాతతో మాట్లాడినంత మాట్లాడింది.

నూకరాజూ, నువ్వు మోటారు రంపం కొన్నావని విన్నాను. చూశాను కూడా, బాగుంది, ఒక్కడే పట్టుకుని ఇద్దరి పని చెయ్యచ్చు. దానికి అవతలి పిడి లేదురా. అవతలివాడు ఏదైనా చెప్పాలనుకుంటే దేన్ని పట్టుకుని చెప్తాడు? అది మూడుసార్లు తొయ్యదు. అది చెప్పకుండానే జారుతుంది. కాబట్టి దిన్నె వైపు వెళ్ళకు. నువ్వే కాదు, ఎవరూ వెళ్ళకండి. పాములున్నాయి, గొయ్యి అంచు విరిగిపోతోంది, ఆయనకి కూడా వయసైంది, విసిగిస్తే బాగుండదు. పుల్లలకి రేపు పొద్దున మా జామాయిల్ కొట్టుకుపో, మొత్తం కొట్టుకుపో, అది పోతే నాకు సంతోషం. మద్దులు మాత్రం లేవు.

మా బ్యారన్ పొయ్యిలో ఇప్పుడు కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. ఆ రోజు దిన్నె దిగి వస్తూ మా ఆయనతో అన్నాను, ఈ పొయ్యి ఇక వెలిగించను అని. ఆయన నవ్వాడు, కోపంలో అంటున్నాననుకుని. ముప్పై ఒక్కేళ్ళయింది. వెలిగించలేదు.